ఫొటోల దిద్దుబాటు: ఎంతవరకు?

నేను సరదాకి ఫొటోలు తీస్తుంటాను. మన సంఘం ఉగాది, దీపావళి వేడుకల్లో తీసినవి నలుగురికీ చూపించినప్పుడల్లా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది, "ఏం కెమెరా అండీ?" రెండోది కాస్త గొంతు తగ్గించి, "ఇవి ఫొటోషాప్ చేసినవా?" ఈ రెండో ప్రశ్న అడిగే తీరు చూస్తే, పరీక్షలో కాపీ కొట్టావా అని ఆరా తీసినట్టుంటుంది. చేశానంటే మొహంలో కొంచెం నిరాశ. కెమెరాలోంచి ఎలా వచ్చాయో అలాగే ఉంచానంటే మెచ్చుకోలు. అడిగేవాళ్ళు మాత్రం తమ ఫోన్లో మెరుగులు దిద్దుకున్న బొమ్మని వాట్సాప్‌లో పెట్టుకోవడానికి ఏమీ సంకోచించరు. తప్పు పట్టడానికి అనడం లేదు. ఈ విషయంలో మన అందరికీ ఒక మూల అనుమానం, ఒక మూల మోజు రెండూ ఉన్నాయని చెప్పడానికే.

దిద్దుబాటు అనగానే మనకి గురజాడ వారి కథ గుర్తొస్తుంది. అక్కడ దిద్దుకోవలసింది మనిషి. ఇక్కడ బొమ్మ. ఇంతకీ డిజిటల్ ఫొటోని ఎంతవరకు దిద్దవచ్చు? ఎక్కడ ఆగాలి? వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కనక, ముందు కెమెరా లోపల ఏం జరుగుతుందో చెప్పి, తరవాత ఈ ప్రశ్నలోకి వస్తాను. ఎందుకంటే, అసలు దిద్దని ఫొటో ఒకటుంటుందన్న నమ్మకం దగ్గరే చాలా వాదనలు దారి తప్పుతున్నాయి.

కెమెరా లోపలి వంట

డిజిటల్ కెమెరాలో ఫిల్ము స్థానంలో ఉండేది సెన్సర్. దాని మీద లక్షల కొద్దీ చిన్న చిన్న గళ్ళుంటాయి. ఒక్కొక్క గడి తన మీద పడ్డ వెలుగు ఎంతో కొలుస్తుంది. ఎంతో అన్నదే దానికి తెలుసు. ఏ రంగో తెలియదు. అందుకని ప్రతి గడి మీదా ఒక రంగు గాజు లాంటిది పెడతారు. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన ఈ గళ్ళ అమరికకి 1976లో పేటెంట్ తీసుకున్నాడు. సగం గళ్ళకి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, పావు వంతుకి నీలం. మన కంటికి ఆకుపచ్చ దగ్గర సూక్ష్మమైన తేడాలు బాగా తెలుస్తాయి కనక దానికి రెట్టింపు వాటా. ఈనాటికీ చాలా కెమెరాల్లోనూ ఫోన్లలోనూ ఉన్నది ఈ అమరికే, లేదా దీని తమ్ముడో చెల్లెలో.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో 2 కోట్ల 40 లక్షల గళ్ళుంటాయి. అంటే అన్ని కొలతలు. కానీ తయారయ్యే రంగుల ఫొటోలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు కావాలి. మొత్తం 7 కోట్ల 20 లక్షల అంకెలు. కెమెరా నిజంగా కొలిచింది అందులో మూడో వంతే! మిగిలిన 4 కోట్ల 80 లక్షల అంకెలూ చుట్టుపక్కల గళ్ళని చూసి లెక్క కట్టి పూరించినవి. అంటే మీ ఫొటోలో మూడింట రెండు వంతుల రంగు గణితం పెట్టిన భిక్ష.

కథ అక్కడితో ఆగదు. ట్యూబ్‌లైటు కింద తెల్ల చొక్కా పచ్చగా, మామూలు బల్బు కింద నారింజగా పడుతుంది. తెలుపు తెలుపుగా కనిపించేటట్టు రంగులు సర్దాలి. దీన్నే వైట్ బాలెన్స్ అంటారు. తరవాత వెలుగునీడల తేడా పెంచడం, చీకట్లో వచ్చే రవ్వల్లాంటి చుక్కలు తగ్గించడం, అంచులు పదును పెట్టడం. చివరికి జేపెగ్ ఫైలుగా కుదించడం. రా ఫైల్లో ఒక్కొక్క కొలతకి సాధారణంగా 4,096 మెట్లో 16,384 మెట్లో ఉంటాయి. జేపెగ్‌లో రంగుకి 256 మెట్లే. మిగతా సమాచారం పోయినట్టే.

రా అంటే పచ్చి అని అర్థం. పేరు సరిగ్గా కుదిరింది. రా ఫైలు బియ్యం లాంటిది, జేపెగ్ వండిన అన్నం. అన్నం పలుకుగా ఉందో మెత్తగా ఉందో వండినవాళ్ళ ఇష్టం. వండాక పైన ఉప్పు చల్లుకోవచ్చు గాని, మెత్తబడ్డ అన్నాన్ని మళ్ళీ బియ్యం చెయ్యలేం.

ఇక ఫోన్ సంగతి. మీరు ఒక్కసారి నొక్కినా అది వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని కలిపి, ఒక్క బొమ్మగా ఇస్తుంది. ఆకాశానికి ఒక తీరు, మొహానికి ఒక తీరు వెలుగు సర్దుతుంది. కాబట్టి "నేనేం చెయ్యలేదండీ, వచ్చింది వచ్చినట్టే" అన్నమాటకి అసలు అర్థం, నా బదులు ఆ ఫోన్ తయారు చేసిన ఇంజనీర్లు చేశారు అని. దిద్దారా లేదా అన్నది ప్రశ్న కాదు. ఎవరు దిద్దారు, ఏ ఉద్దేశంతో దిద్దారు, ఎంత దూరం వెళ్ళారు అన్నవే ప్రశ్నలు.

పాతకాలంలో మాత్రం?

ఫిల్ము రోజుల్లో అంతా నిజాయితీగా ఉండేదని అనుకోవడం కూడా పొరపాటే. 1857లోనే ఆస్కర్ రెయ్‌లాండర్ అనే ఆయన ముప్పైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే పెద్ద చిత్రం తయారు చేశాడు. ఆన్సెల్ ఆడమ్స్ పేరు విననివాళ్ళు తక్కువ. ఆయన న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని 1941లో తీశాడు. తొలి ప్రింట్లలో ఆకాశం మామూలు బూడిద రంగు, మబ్బులు కూడా కనిపిస్తాయి. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆయన ఆ ఆకాశాన్ని నల్లగా, ఇంకా నల్లగా చేసుకుంటూ పోయాడు. నెగెటివ్ ఒకటే, ప్రింట్లు మాత్రం వేరు. ఆడమ్స్ చిన్నప్పుడు పియానో సాధన చేసిన మనిషి. నెగెటివ్‌ని స్వరం రాసిన కాగితంతోనూ, ప్రింటుని కచేరీతోనూ పోల్చేవాడు. కీర్తన త్యాగరాజుదే అయినా ఒక్కొక్క విద్వాంసుడు ఒక్కొక్క తీరుగా పాడతాడు కదా, అలాగన్నమాట.

మన ఊళ్ళలోని స్టూడియోలు గుర్తు తెచ్చుకోండి. వెనక తెర మీద తాజ్‌మహలో, మెట్లూ పూలకుండీలో గీసి ఉండేవి. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలు మాయం చేసేవారు. నలుపు తెలుపు ఫొటోకి చేత్తో రంగులద్ది చీరకి ఎరుపు, నగలకి పసుపు వేసేవారు. అయినా ఎవరూ మోసపోలేదు. తెర తెర అని అందరికీ తెలుసు. ఫలానా సుబ్బారావు గారు నిజంగా తాజ్‌మహల్ ముందు నిలబడ్డారని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడే మొదటి సూత్రం దొరుకుతుంది. చూసేవాళ్ళకీ చూపించేవాళ్ళకీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. అది నోటితో చెప్పుకున్నది కాదు. మార్పు ఆ ఒప్పందానికి లోబడి ఉన్నంత కాలం గొడవ లేదు.

పత్రికల గీత

ఈ ఒప్పందం అన్నిటికంటే గట్టిగా ఉన్నది వార్తాపత్రికల్లో. నేషనల్ జాగ్రఫిక్ 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రం మీద ఈజిప్టు పిరమిడ్లు వేశారు. తీసిన ఫొటో అడ్డంగా ఉంది, ముఖచిత్రం నిలువుగా ఉండాలి. కంప్యూటర్లో రెండు పిరమిడ్లని దగ్గరికి జరిపేశారు. ఫొటోషాప్ పుట్టింది 1990లో, అంటే దానికి ఎనిమిదేళ్ళ ముందే! వేల ఏళ్ళుగా కదలని పిరమిడ్లని పత్రికవాళ్ళు కదిపారని పెద్ద దుమారం లేచింది.

1994 జూన్‌లో ఓ.జే. సింప్సన్ అరెస్టయినప్పుడు పోలీసులు తీసిన ఒకే ఫొటోని టైమ్, న్యూస్‌వీక్ రెండూ ముఖచిత్రంగా వేశాయి. న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది. టైమ్ మొహాన్ని బాగా నల్లగా చేసింది. షాపుల్లో రెండూ పక్కపక్కనే కనిపించేసరికి తేడా అందరికీ తెలిసిపోయింది. నలుపు చేస్తే మనిషి ప్రమాదకరంగా కనిపిస్తాడన్న ఊహ ఎక్కణ్ణించి వచ్చిందని నల్లజాతివాళ్ళు నిలదీశారు. ముఖ్యంగా చేసింది వెలుగు తగ్గించడమే. అయినా అర్థం మారిపోయింది. ఈ ఉదాహరణ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

2003లో ఇరాక్ యుద్ధం అప్పుడు లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ ఒకాయన కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫొటోలని కలిపి ఒకటి చేశాడు. వెనక జనంలో కొందరు రెండేసి సార్లు కనపడ్డారు. ఉద్యోగం పోయింది. 2006లో లెబనాన్ మీద బాంబుదాడి ఫొటోలో పొగని రెట్టింపు చేసిన ఒక ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్‌వి 920 ఫొటోలని రాయిటర్స్ సంస్థ తన భాండారంలోంచి తీసేసింది. అసోసియేటెడ్ ప్రెస్ నియమాల్లో కత్తిరింపు, కొద్దిపాటి వెలుగునీడల సవరణ, నలుపు తెలుపుకి మార్చడం లాంటివి ఒప్పుకుంటారు. ఫ్లాష్ వల్ల కళ్ళలో వచ్చే ఎర్రచుక్కని తీసెయ్యడం మాత్రం కూడదంటారు! మనం ఇంట్లో ఆలోచించకుండా చేసే పని అది.

2024 మార్చిలో బ్రిటన్ యువరాణి కేట్, తన పిల్లలతో ఉన్న ఫొటో విడుదలైంది. కూతురు వేసుకున్న స్వెటర్ చెయ్యి అంచు కుదరలేదని ఎవరో పట్టుకున్నారు. పెద్ద వార్తాసంస్థలన్నీ కొన్ని గంటల్లోనే ఆ ఫొటో వాడొద్దని ఉత్తరువులిచ్చాయి. చాలామంది సరదా ఫొటోగ్రాఫర్లలాగే నేనూ అప్పుడప్పుడు దిద్దుతుంటానని ఆవిడ క్షమాపణ చెప్పింది. ఇంటి గోడ మీద ఉంటే ఎవరూ పట్టించుకోని మార్పు అది. వార్తగా పంపించేసరికి ఒప్పందం మారిపోయింది.

మూడు పనులు, మూడు పేర్లు

ఫొటోషాప్ చేశారా అన్న ఒక్క మాటలో మూడు వేరువేరు పనులు కలిసిపోతున్నాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు తీరుతుంది.

మొదటిది సరిచెయ్యడం. కెమెరా చేసిన తప్పుని దిద్దడం. మన పెళ్ళిళ్ళలో మధుపర్కాలు కట్టుకున్న వధూవరులని తీసి చూడండి. కెమెరా మీటరు తన ముందున్నది సగటున మధ్యరకం బూడిద రంగని అనుకుని వెలుగు నిర్ణయిస్తుంది. ఎదురుగా అంతా తెల్లటి బట్టలుండేసరికి, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. బట్టలు బూడిద రంగుకి దిగుతాయి, మొహాలు ఉన్నదానికంటే నల్లబడతాయి. మంచులో ఆడుకునే పిల్లల ఫొటోలు మసకగా రావడానికీ కారణం ఇదే. ఇక్కడ వెలుగు పెంచడం నిజానికి దగ్గరగా వెళ్ళడం. అలాగే మంగళస్నానాల ఫొటోలు. పసుపు పూసిన మొహం మీద దగ్గరగా పెట్టి తీస్తే, ఆటోమేటిక్ వైట్ బాలెన్స్ ఆ పసుపుని దీపం వెలుగు అనుకుని తగ్గించడానికి చూస్తుంది. పసుపు వెలిసిపోతుంది. దాన్ని మళ్ళీ తీసుకురావడం అందం కోసం చేసే పని కాదు, జరిగినది జరిగినట్టు చెప్పడం.

రెండోది మెరుగు పెట్టడం. ఆకాశం కొంచెం ముదురు చెయ్యడం, మూలలు కాస్త చీకటి చేసి చూపుని మొహం మీదకి తేవడం, మొటిమని చెరపడం. ఆడమ్స్ చేసింది ఇదే. ఇందులో ఎక్కువ తక్కువలు ఉంటాయి, రుచులు ఉంటాయి. గ్రాండ్ కాన్యన్‌ని నారింజ జెల్లీలా చేసినవాళ్ళు నేరమేమీ చెయ్యలేదు. కూరలో కారం ఎక్కువైంది, అంతే. మొటిమ వారంలో పోతుంది, పుట్టుమచ్చ పోదు. ఆ తేడా చూసుకుంటే చాలు.

మూడోది మార్చడం. లేనిది పెట్టడం, ఉన్నది తియ్యడం, మనిషి ఆకారాన్నీ రంగునీ వేరేగా చెయ్యడం. కళగానో సరదాగానో చెప్పి చేస్తే దీనికీ చోటుంది. సినిమా పోస్టరు చూసి ఎవరూ సాక్ష్యం అనుకోరు. చెప్పకుండా చేస్తేనే చిక్కు.

ఒక పని ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఆ రోజు అక్కడ ఉన్న మనిషి ఈ ఫొటో చూసి "అవును, ఇలాగే ఉంది" అంటాడా? అంటే సరిచేసినట్టు. "ఇంత బావుందా!" అంటే మెరుగు పెట్టినట్టు. "ఇదెక్కడిది?" అంటే మార్చినట్టు.

చామనచాయ సంగతి

ఇప్పుడు మన ఇంటి విషయానికి వస్తాను. ఆ మధ్య మా దగ్గరి బంధువుల అమ్మాయి పెళ్ళి డాలస్‌లో జరిగింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆల్బం ఇండియాలో చేయించారు. వచ్చిన ఆల్బం తెరిచి, "అమ్మా, నేనిలా ఉంటానా?" అంది. మొహం పాలరాయిలా ఉంది, చేతులు మాత్రం తన రంగులోనే ఉన్నాయి. తాళి కడుతున్న ఫొటోలో మెడ దగ్గర రెండు రంగులూ కలిసే గీత కూడా కనపడుతోంది. వాళ్ళమ్మ, "బాగానే ఉందిగా, కాస్త తెల్లగా వచ్చావు" అంది. పిల్ల ఒప్పుకోలేదు. అన్నీ మళ్ళీ మామూలుగా చెయ్యమని రాసింది. అవతలివాళ్ళు ఆశ్చర్యపోయి, "తెల్లగా చెయ్యమని అడుగుతారు గాని, ఇలా ఎవరూ అడగరండీ" అన్నారట.

ఆ మాట అబద్ధం కాదు. అడిగేది మనమే. పెళ్ళిసంబంధాల ఫొటోల దగ్గర్నుంచీ మనకి అలవాటు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది గాని, మన స్లయిడర్ మాత్రం ఇంకా అటే జరుగుతోంది. టైమ్ పత్రిక ఒక మొహాన్ని నల్లగా చేస్తే అమెరికాలో అంత గొడవ జరిగింది. మన ఆల్బంలలో అన్ని మొహాలనీ తెల్లగా చేస్తుంటే మనకి చీమ కుట్టినట్టయినా లేదు. చేస్తున్నది అదే పని, దిశ మాత్రం వేరు. నీ రంగు బాలేదు అన్నమాట నోటితో అంటే పిల్లలు ఎదురు చెబుతారు. ఆల్బంలో అచ్చు వేసి ఇస్తే ఏం చెబుతారు?

ఇందులో సాంకేతికమైన చరిత్ర కూడా ఉంది. కొడాక్ సంస్థ దశాబ్దాలపాటు రంగుల ప్రింట్లని సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన నమూనా కార్డుల మీద తెల్లని స్త్రీల ఫొటోలే ఉండేవి. వాటిని షర్లీ కార్డులు అనేవారు. ఆ రంగుకి సరిపడేటట్టు యంత్రాలు సర్దుకుంటే, ముదురు రంగు మొహాల్లో వివరాలు నీడలో కలిసిపోయేవి. కొయ్య సామాను, చాక్లెట్లు అమ్మేవాళ్ళు తమ ప్రకటనల్లో గోధుమ రంగుల తేడాలు తెలియడం లేదని ఫిర్యాదు చెయ్యడం కూడా ఫిల్ము మెరుగుపడడానికి ఒక కారణమైంది. ఫోన్ల కాలంలో గూగుల్ 2021లో తన పిక్సెల్ 6లో అన్ని చర్మపు రంగులూ సరిగ్గా రావాలని ప్రత్యేకంగా మార్పులు చేసింది. అంటే నల్లగా వచ్చిన మన పాత ఫొటోలన్నీ మన తప్పు కాదు. యంత్రం చేసిన ఆ తప్పుని దిద్దడం న్యాయమే. అసలు రంగు దాకా తీసుకురండి. అక్కడ ఆగండి. దాటితే అది సరిచెయ్యడం కాదు, మార్చడం.

ఊహించిన పిక్సెల్

కెమెరాయే మూడింట రెండు వంతులు లెక్క కట్టి పూరిస్తుందన్నారు కదా, మరి ఏఐ పూరిస్తే తప్పేమిటి అని మీరు అడగవచ్చు. నన్ను మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు మా ఇంట్లో జరిగిన సంగతితో చెబుతాను.

మా అమ్మ నాన్నగారిది ఒకే ఒక్క ఫొటో మిగిలింది. 1950ల నాటి బృందచిత్రం. అందులో ఆయన మొహం బొటనవేలి గోరంత. మధ్యలో కాగితం మడత పడింది, అక్కడక్కడా బూజు మచ్చలు. మా ఊళ్ళో ఒక స్టూడియోలో ఇస్తే, ఏఐతో బాగుచేసి పెద్దది చేసి, రంగులు కూడా వేసి ఫ్రేము కట్టి ఇచ్చారు. చాలా స్పష్టంగా ఉంది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. అమ్మ చాలాసేపు చూసి, "ఈయనెవర్రా? మా నాన్న కాదు" అంది.

తాతయ్యకి చిన్నతనంలో మశూచి సోకింది. ఆయన బతికారు, ఆయన తమ్ముడు పోయాడు. మొహం నిండా గుంటల మచ్చలుండేవి. సాఫ్ట్‌వేర్ వాటిని పాత కాగితం మీది మచ్చలనుకుని శుభ్రంగా తుడిచేసింది. మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. మా పిల్లలకి ఆ జబ్బు పేరే తెలియదు. వాళ్ళ ముత్తాత దాన్ని గెలిచి బయటపడ్డాడనడానికి మా దగ్గరున్న ఒకే ఆనవాలు ఆ మచ్చలు. వాటిని తీసేసి, నున్నటి బుగ్గలున్న ఎవరో పెద్దమనిషిని మా గోడకి తగిలించారు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఏఐ పనిచేసే తీరే అంత. కెమెరా ఒక పిక్సెల్‌ని పూరించేటప్పుడు, ఆ క్షణంలో ఆ మనిషి మీంచి వచ్చిన వెలుగునే పక్క గళ్ళలో కొలిచి లెక్క కడుతుంది. మహా తప్పితే ఒక వెంట్రుకవాసి తప్పుతుంది. ఏఐ, గోరంత మొహాన్ని పెద్దది చేసేటప్పుడు, తాను అంతకు ముందు నేర్చుకున్న లెక్కలేనన్ని ఇతర మొహాలని బట్టి ఇక్కడ సాధారణంగా ఏముంటుంది అని ఊహిస్తుంది. మొదటి ఊహకి ఆధారం మా తాతయ్య. రెండో ఊహకి ఆధారం ఊళ్ళోవాళ్ళు. అబ్బాయికి చెప్పిన జవాబు ఇదే. పిక్సెల్ లెక్క కట్టినదా కాదా అని కాదు, ఎవరి వెలుగు నుంచి లెక్క కట్టారు అని అడగాలి.

చంద్రుడి విషయంలోనూ ఇదే జరిగింది. 2023లో ఒక వినియోగదారుడు, కావాలని మసక చేసిన చంద్రుడి బొమ్మని కంప్యూటర్ తెర మీద పెట్టి, శామ్‌సంగ్ ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆ బొమ్మలో లేని గుంటలు కూడా ఫొటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు పెంచే ఏఐ అందులో ఉందని కంపెనీ వివరించింది. చంద్రుడు అందరికీ ఒకడే కనక నష్టం లేదు. తాతయ్యలు అలా కాదు.

తరవాత నేను ఆ పాత ఫొటోని 1200 డీపీఐలో స్కాన్ చేసి, చేత్తోనే బాగు చేశాను. కాగితం మీది మచ్చకీ మొహం మీది మచ్చకీ తేడా ఎలా తెలుస్తుందంటే, బూజు మచ్చలు మొహం మీదా, వెనక గోడ మీదా, పక్కవాళ్ళ చొక్కాల మీదా ఒకేలా ఉంటాయి. మడత గీత మనిషినీ గోడనీ తేడా లేకుండా దాటుకుంటూ పోతుంది. మొహం మీది గుంటలు అలా కాదు. వెలుగు ఎడమ పక్కనుంచి వస్తుంటే ప్రతి గుంటకీ నీడ ఒకే పక్కన ఉంటుంది. గోడ మీద ఉన్న రకాన్ని మాత్రమే తీశాను, నీడ ఉన్నవాటిని ముట్టుకోలేదు. అనుమానం వచ్చిన చోట అమ్మని అడిగాను. మసక మసకగానే ఉంది. అమ్మ ఇప్పుడు దాన్నే పెట్టుకుంది.

ఇంటి ఫొటోలకి కొన్ని పద్ధతులు

పత్రికల నియమాలు ఇంటికి అక్కర్లేదు. కానీ దేశం వదిలి వచ్చిన మన కుటుంబాల్లో ఒక విశేషం ఉంది. మన పిల్లలు అమ్మమ్మనీ నాయనమ్మనీ రెండు మూడేళ్ళకోసారి కొద్ది వారాలు చూస్తారు. మిగతా కాలమంతా వాళ్ళకి తెలిసిన అమ్మమ్మ ఫొటోలోని అమ్మమ్మే. పక్కింట్లో ఉంటే ఫొటో ఎలా ఉన్నా మనిషిని చూసి సరిచూసుకుంటారు. ఇక్కడ సరిచూసుకోవడానికి ఇంకేమీ లేదు. అందుకని మన ఆల్బం మన ఇంటి పత్రిక లాంటిదే. ఈ దృష్టితో నేను పాటించేవి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, అసలు ఫైలుని ఎప్పుడూ చెరపకండి. 2007లో వచ్చిన లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు అసలు ఫైలుని ముట్టుకోకుండా, మీరు చేసిన మార్పులని వంటకం రాసుకున్నట్టు విడిగా రాసి పెట్టుకుంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వెళ్ళవచ్చు. అటువంటిది లేకపోతే ఒక నకలు తీసి దాని మీదే పని చెయ్యండి. జేపెగ్‌ని మార్చి మళ్ళీ మళ్ళీ భద్రపరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుందని మరవకండి. హైదరాబాదు ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ప్రింటు ఎలా ఉన్నా, సందేహం వస్తే చూసుకోవడానికి నెగెటివ్ ఉంది. మన ఫైళ్ళకీ అటువంటి భద్రత కావాలి.

రెండోది, దిద్దిన వెంటనే ఎవరికీ పంపకండి. స్లయిడర్లు జరుపుతూ కూర్చుంటే కన్ను అలవాటు పడిపోతుంది. పొద్దున్న లేచి చూస్తే రాత్రి అద్భుతంగా కనిపించిన రంగులు మిఠాయి కొట్టులా కనిపిస్తాయి. మొహాల విషయంలో నేను చివరికి అనుకున్నదాంట్లో సగమే ఉంచుతాను.

మూడోది, ఫొటోలో ఉన్న మనిషిని అడగండి. పెద్దావిడ ముడతలు తియ్యాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, మన ఇష్టం కాదు. ఆడపిల్ల నడుము సన్నం చెయ్యడం, రంగు మార్చడం ఎవరూ అడగకుండా చెయ్యకూడని పనులు. ప్రకటనల విషయంలో ఫ్రాన్స్ 2017 నుంచి, నార్వే 2022 నుంచి, మనిషి ఆకారాన్ని మార్చితే ఆ సంగతి బొమ్మ మీద రాయాలని చట్టమే పెట్టాయి.

నాలుగోది, ఎక్కడికి పంపుతున్నారో చూసుకోండి. అమెరికా పాస్‌పోర్టుకీ వీసాకీ ఇచ్చే ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో గాని, ఫోన్ ఫిల్టర్లతో గాని, ఏఐతో గాని మార్చకూడదు. అందంగా రావాలని ఫోన్లో ఉన్న బ్యూటీ సెట్టింగ్ తియ్యకుండా తీస్తే, అర్జీ తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. పోటీలకి పంపేటప్పుడు వాళ్ళ నియమాలు చదవండి. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి ముందు దశకి చేరిన ఫొటోల్లో ఐదో వంతు, దిద్దుబాటు మితిమీరినందువల్ల పక్కకి పోయాయి. వాళ్ళంతా వృత్తి ఫొటోగ్రాఫర్లే.

ఏఐతో చేయించిన బొమ్మ ఏదైనా దాచుకుంటే, ఆ సంగతి ఫైలు పేరులోనే రాయండి. కెమెరాలోనే సంతకంలా ముద్ర వేసి, తరవాత చేసిన ప్రతి మార్పునీ నమోదు చేసే పద్ధతి ఒకటి ఇప్పుడు వస్తోంది. 2023లో లైకా కంపెనీ అటువంటి కెమెరా మొదటిసారి అమ్మకానికి పెట్టింది. అది అన్ని ఫోన్లలోకీ వచ్చి, అందరూ వాడేదాకా, మన ఇళ్ళలో ఆ పని మనమే చేసుకోవాలి. మా ఇంట్లో ప్రతి సంవత్సరపు ఫొటోలకీ రెండు ఫోల్డర్లుంటాయి. ఒకదాని పేరు "అసలు", రెండోదాని పేరు "దిద్దినవి". రెండోది ఎంత బాగున్నా, బయటి డిస్కులో ముందు దాచేది మొదటిదాన్నే. వీలైతే ఈ వారాంతం మీరూ ఆ రెండు ఫోల్డర్లు చెయ్యండి. పెద్దవాళ్ళున్న ఫొటోలతో మొదలు పెట్టండి. ఎవరెవరో పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఉండగానే పేర్లు కూడా రాసి పెట్టండి.